గాజుతొట్టిలో కత్తి మొక్క

గాజుతొట్టిలో చేపలను పెంచువారికి సుపరిచితమైన మొక్క యొకటి కలదు. మొదలు చుట్టును కత్తులు నాటినట్లు ఆకులు లేచి నిలుచును గనుక దానికి అమెజాన్ సోర్డ్ అని పేరు. అంగడిలో ఆ పేరు చెప్పి కొని తెచ్చుట సులభమే. కాని ఆ మొక్క ఏ జాతిదో తేల్చుటకు శాస్త్రజ్ఞులే చిరకాలము తడబడిరి.

చేపలు, నత్తలు, వాలిస్నేరియా మొక్కలు కలసియున్నచో తొట్టిలో నీరు చెడకుండునని లండనులోని రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ 1850లో ప్రకటించెను. అమెరికా ఖండముల చిత్తడినేలలకు చెందిన కత్తి మొక్కలు పిమ్మట తొట్లలోనికి వచ్చినవి. వీని ప్రజాతికి ఎకినోడోరస్ అను పేరు 1848 నాటిది. ముండ్లవలె మొనదేరిన కాయల గుత్తిని బట్టి, ముళ్ళపంది, తోలుతిత్తి అను అర్థములుగల గ్రీకు పదములతో దానిని కూర్చిరి.

చిక్కు ఇచటనే కలదు. పేరు కాయను బట్టి వచ్చినది. తొట్టిలో కాయ కానరాదు. ఆకును బట్టి పోల్చుకొందమన్నచో, నీటిలో సన్నగా సాగిన ఆకే గట్టున పొడవైన కాడతో వెడల్పగును. 1970లో చెక్ వృక్షశాస్త్రజ్ఞుడు కారెల్ రతాయ్ బ్లెహెర్ పేరున ఒక జాతిని, అమెజాన్ పేరున మరియొక జాతిని వర్ణించెను. ఈ రెండును 1909లో స్మాల్ వర్ణించిన గ్రిసెబాకీ జాతిలోనివే యని తరువాతి పండితులు నిర్ణయించిరి. 2008లో ఫిన్లాండు పండితుడు లెహ్టోనెన్ రూపలక్షణములతోబాటు జన్యుద్రవ్యమును గూడ పరిశీలించెను. తీగెలు సాగించు చిన్న కత్తి మొక్కలు హెలాంథియమ్ అను వేరు ప్రజాతికి చెందినవని ఆ సంవత్సరముననే తేలినది.

పండితులను మోసగించిన ఆకే గృహస్థును గూడ మోసగించును. తోటలలో ఈ మొక్కలను సాధారణముగా నీటికి పైన పెంచుదురు. తొట్టిలో ముంచగానే ఆ పాత ఆకులు కుళ్ళును. ఈ సంగతి తెలియక నేనొక మొక్కను చచ్చినదని పారవైచితిని. మొదలు గట్టిగా నున్నచో కొన్ని వారములు ఓపిక పట్టవలెను. నీటికి తగిన క్రొత్త ఆకులు నడుమనుండి పుట్టును. వేళ్ళను ఇసుకలో లోతుగా నాటి, ఆకులు పుట్టు మొవ్వను మాత్రము పైకి ఉంచవలెను. ఈ మొక్క ఆహారమును ప్రధానముగా వేళ్ళతో గ్రహించును గనుక ఉత్త ఇసుక చాలదు. అడుగున సారము ఉండవలెను. పూకాడ నీట మునిగియున్నచో దాని కణుపులవద్ద పిల్ల మొక్కలు పుట్టును. వేళ్ళు దిగిన పిమ్మట వానిని వేరుచేసి నాటుకొనవచ్చును.

ఆకు మారినంత మాత్రమున మొక్క మారదు. ఇది తేల్చుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. మనకు కొన్ని వారముల ఓపిక చాలును.