గుంటూరు అనే పేరుకు ఎన్ని నిర్వచనాలు? : చిలకలూరిపేట ఆధారంగా ఒక పరిశీలన

చిలకలూరిపేట ఉన్నచోటనే ఉన్నది. దస్త్రాలలో దాని జిల్లా మాత్రం పలుమార్లు మారింది. 1859లో నాటి గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో కలిసింది. 1904లో గుంటూరు మళ్లీ జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ పట్టణం చేరింది. ఇవన్నీ పరిశోధకులకు తెలిసినవే. తెలిసీ పట్టించుకోనిది మరొకటి ఉంది: పేరు మారకుండా నిర్వచనం మారడం.

1904 నాటి గుంటూరులో నెల్లూరు నుండి వచ్చిన ఒంగోలు తాలూకా ఉంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు విడిపోయి కొత్త ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022లో పల్నాడుతోపాటు బాపట్ల వైపు మండలాలూ వెళ్లిపోయాయి. ఈ మూడు మార్పుల తరువాతా వ్యవహారంలో ఉన్న పేరు గుంటూరే.

కంప్యూటర్ రంగంలో డైరెక్టరీ సర్వర్లకు ఈ చిక్కు కొత్త కాదు. సంస్థలోని వ్యక్తుల, పరికరాల వివరాలను భద్రపరిచే ఈ సర్వర్లలో ఏ గడిలో ఎటువంటి విలువ ఉండాలో, ఒక్కటే ఉండాలో, ఎక్కువ ఉండవచ్చునో స్కీమా నిర్ణయిస్తుంది. ఈ గడినే అక్కడ ఆట్రిబ్యూట్ అంటారు. 2006 నాటి ఎల్‌డాప్ ప్రమాణాల ప్రకారం ప్రతి ఆట్రిబ్యూట్‌కూ ఒక సంఖ్యారూప గుర్తింపు ఉంటుంది. పేరు మనుషుల సౌకర్యం కోసమే. వాడుకలో ఉన్న నిర్వచనాన్ని దిద్దితే పాత నమోదులు చెల్లకపోవచ్చు. ఒక్క విలువే ఉండాలని నియమం బిగిస్తే, అప్పటికే రెండు ఫోన్ నంబర్లున్న నమోదు నియమవిరుద్ధమవుతుంది. కనుక పాత నిర్వచనానికి కాలం చెల్లినదని గుర్తు పెట్టి, కొత్త సంఖ్యతో వేరొక నిర్వచనం చేర్చడం మేలు. పరిపాలనా దస్త్రాలకు అంతటి ఓపిక లేదు.

దీని ఫలితం సాగు లెక్కలలో స్పష్టం. 1980లలో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను కుంగదీసింది. ఆనాటి గుంటూరు విస్తీర్ణాన్ని నేటి గుంటూరు అంకెతో పోల్చితే పత్తి సాగు ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపిస్తుంది. పేట చుట్టూ ఉన్న నల్లరేగడిలో రైతులు పత్తి మానేశారని దాని అర్థం కాదు. ఆ పొలాలు పల్నాడు లెక్కలోకి వెళ్లాయి. దక్షిణాన ఉన్న మార్టూరు నిన్నటిదాకా ప్రకాశం, నేడు బాపట్ల. ఒకే రకం నేల, ఒకే పైరు, ఒకే తెగులు మూడు పట్టికలలో చెదిరిపోయాయి.

అప్పుల, పురుగుమందుల, రైతు మరణాల వివరాలను జిల్లా పేరు కింద కాక గ్రామం పేరుతో, నమోదైన తేదీతో కూర్చవలసి ఉంటుంది. గ్రామాలవారీ లెక్క దొరకనిచోట ‘1970–2022 నాటి గుంటూరు’ అని కాలపరిమితి చెప్పాలి. జిల్లాను పరిధిగా తీసుకున్న సిద్ధాంత గ్రంథాలకు ఈ మాట శీర్షికలోనే అవసరం.