అమృతాంజనం అమ్మిన తీరు
1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు ఆ పేరు ఎవరికీ తెలియదు. సంగీత కచేరీలకు వచ్చినవారికి ఆ పసుపుపచ్చని మందును ఉచితంగా పంచిపెట్టారు. నుదుట రాసుకుంటే ఆ ఘాటు అప్పటికప్పుడే తెలిసేది. ఏ ప్రకటనా అంత చెప్పలేదు. నేటి యాప్‌లు కొన్నాళ్లు ఉచితమనేదీ ఈ పద్ధతిలోనే. కాబట్టి డిజిటల్ మార్కెటింగ్ తెచ్చిన అసలు మార్పు ఉచితంలో లేదు, కొనేవాడి గురించి అమ్మేవాడికి ఎంత తెలుస్తోందన్న దాంట్లో ఉంది. కచేరీలో మందు పుచ్చుకున్నవారు తర్వాత సీసా కొన్నారో లేదో ఆయనకు తెలిసే దారి లేదు. ఇప్పుడు ఫోన్‌లో ప్రకటన ఎంతసేపు చూశారో, కొనకుండా ఎక్కడ ఆగిపోయారో కూడా నమోదవుతోంది.

దీనివల్ల చిన్న వ్యాపారికి వృథా ఖర్చు తగ్గిందంటారు. నిజమే, ఇంట్లో పచ్చళ్లు పెట్టే మహిళ వాట్సాప్‌లోనే ఆర్డర్లు తీసుకుంటోంది. కానీ ఆ లెక్కలు లేని రోజుల్లో వ్యాపారి అందరి నమ్మకాన్నీ సంపాదించుకోవలసి వచ్చేది. నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. అది జాతీయోద్యమం కోసమే గాని మందు ప్రచారానికి కాదనే అభ్యంతరం సబబే. అయినా మందు లాభాలు పత్రికను నిలబెట్టాయి, పత్రిక గౌరవం మందుకూ దక్కింది. మనిషికో ప్రకటన చూపే నేటి పద్ధతిలో ప్రకటనల డబ్బు పత్రికలను దాటి, ఆన్‌లైన్ వేదికలు నడిపే కొద్ది కంపెనీలకు చేరుతోంది.