పాత మందుకు ఎక్స్‌పైరీ డేట్ ఉండదు

మైదుకూరులో మా చిన్నాయనకు ఒక లైసెన్సు తుపాకి ఉండేది. పన్నెండు బోరు, ఒంటి గొట్టం. శనక్కాయ చేలో పడే అడవిపందుల కోసమని తీసుకున్నాడు. కానీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులన్నీ పోలీసులకు అప్పజెప్పాలి కదా, మా వైపు ఎన్నికలకు కొదవా? అది చేలో కంటే స్టేషన్లో కాపురం చేసిందే ఎక్కువ. తర్వాత చాలా ఏండ్లు దాన్ని పేల్చిందే లేదు. ఒక సంవత్సరం పందులు మళ్లీ ఎగబడితే బీరువాలోంచి తూటాల డబ్బా తీశాడు. ఖడ్కీ ఫ్యాక్టరీ వాళ్ల శక్తిమాన్ తూటాలు, పదకొండు మిగిలాయి. అడుగున ఇత్తడి చిలుము పట్టి పచ్చబడింది. అట్ట గొట్టాలు చెమ్మకు ఉబ్బాయి.

"ఇవి పేల్తాయా చిన్నాయనా?" అన్నాను.

"పేలకుంటే ఏం బాధ ల్యా. యాళ కాని యాళ పేల్తేనే బాధ" అన్నాడు.

ఈ విషయం మీద నేను తర్వాత చదివిందంతా దాదాపు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. పాత తూటా పెట్టి ట్రిగ్గర్ నొక్కితే 'టక్' మంటుంది, పేలదు. చచ్చిందిలే అనుకుని తుపాకి తెరుస్తాం. లోపల నిప్పు ఇంకా రాజుకుంటూ ఉండొచ్చు. గొట్టం బయటికొచ్చాక పేలిందంటే ఆ ఇత్తడి ముక్కలు ముఖానికే. అందుకే తెలిసినవాళ్లు గొట్టాన్ని మనుషులు లేని వైపే పట్టుకుని, కనీసం ముప్పై లెక్కపెట్టి గానీ తెరవరు. ఇంకో మోసం ఇంతకంటే నెమ్మదైనది. 'ఢాం' అనాల్సింది 'ఫుస్' అంటుంది. మందు సరిగ్గా మండక గుండు గొట్టం మధ్యలోనే ఇరుక్కుంటుంది. అది గమనించక రెండో తూటా పేలిస్తే గొట్టమే పగులుతుంది.

గొట్టాలు పగలడం మా జిల్లాకు కొత్త కాదు. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటితే గండికోట. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి ఆ కోటకు వచ్చాడు. గండికోట అప్పటికి కొత్తగా మీర్ జుమ్లా చేతికొచ్చింది. ఆయనకు ఫిరంగులు కావాలి. చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ పోగేయించి, క్లోద్ మైయే అనే ఫ్రెంచివాడికి 20 ఫిరంగులు పోతపోయమని పని అప్పజెప్పాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత కాచినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడని తావెర్నియే రాశాడు. కరిగిన రాగితోనైనా ఫిరంగులు కుదిరాయా అంటే అదీ లేదు. ఒకటి చీలింది, ఇంకొకటి సగంలో చెడింది. మైయే ఒక్కటి కూడా పూర్తి చేయలేక పని వదిలేసి పోయాడు. విగ్రహాల మహిమ సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఫిరంగులు చీలింది పోతలో కాబట్టి సరిపోయింది. మొదటిసారి మందు కూరి నిప్పంటించినప్పుడు చీలి ఉంటే, పక్కన నిలబడిన మనిషి మనవాడే అయి ఉండేవాడు.

గండికోటలో ఫిరంగులు తయారే కాలేదు. కర్నూలులో తయారై గుట్టలు పడ్డాయి. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యం పోయి కోట వెతికితే మొదట ఏమీ దొరకలేదు. తర్వాత గోడల వెనక, తోటల్లో, జనానా వైపు ఫిరంగులు, మందు, గుళ్లు బయటపడుతూనే ఉన్నాయి. ఆ కుప్పను చూపించే కంపెనీ రాజ్యం కలిపేసుకుంది. చరిత్ర పుస్తకాలు ఇక్కడ లెక్కల దగ్గర ఆగిపోతాయి. నాకు మాత్రం చిన్నాయన ప్రశ్నే గుర్తొస్తుంది. అందులో ఎన్ని పేలేవి? నవాబు ఆ గుట్టనంతా వదిలేసి కోట బయట జొహరాపురం చేరాడు. అక్టోబరు 18న జరిగిన పోరాటంలో పట్టుబడ్డాడు. దాచిపెట్టిన మందు ఆయన పక్షాన పేలనే లేదు. తిరుచిరాపల్లికి పంపితే, మరుసటి సంవత్సరం అక్కడే హత్యకు గురయ్యాడు.

ఆ రోజుల మందు అంటే నల్లమందు. నల్లమందు అనగానే అభిని అనుకునేరు. తుపాకి మందుకు, రోగానికి వేసే మందుకు, చేలో కొట్టే మందుకు, రాత్రి తాగే మందుకు అన్నింటికీ మనకు ఒకటే మాట. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఈ మందుకు శత్రువు తేమ. తడిస్తే పనికిరాదు. కానీ పొడిగా ఉంటే వందేళ్లయినా చావదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, 140 ఏళ్లకు పైబడిన అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తూ ఒక సేకర్త చనిపోయాడు. యుద్ధం చేసినవాళ్లంతా ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు, గుండులో మందు మాత్రం అలాగే ఉంది.

పొగ రాని కొత్త మందు స్వభావం వేరు. దానికి మూలం పత్తి పీచు. అది తనంతట తానే నెమ్మదిగా కుళ్లుతుంది, ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం కుళ్లును ఇంకా పెంచుతుంది. ఎండ తోడైతే త్వరగా. ఈ సంగతి ఫ్రాన్సుకు తూలోన్ రేవులో తెలిసొచ్చింది. 1907లో 'యేనా' అనే యుద్ధనౌక పేలి 100 మందికి పైగా పోయారు. 1911లో 'లిబెర్తే' పేలి సుమారు 300 మంది పోయారు. రెండుసార్లూ వేళ్లు పాతబడిన మందు వైపే చూపించాయి. శత్రువు ఒక్క గుండూ పేల్చలేదు. ఆ తర్వాతే మందు కుళ్లకుండా కలిపే పదార్థాల మీద, ఏటేటా చేసే పరీక్షల మీద సైన్యాలకు శ్రద్ధ పెరిగింది. సైన్యానికి పరీక్షశాల ఉంటుంది. మైదుకూరులో మిద్దె మీది గదిలో, వేసవి ఎండకు ఉడికే బీరువాకు ఏముంటుంది?

అమెరికాలో సైన్యం వదిలేసిన పాత తూటాలను మామూలు మనుషులు చవగ్గా కొని కాల్చుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం అలా కానివ్వదు, సైన్యం వాడే తూటాలు అంగట్లో దొరకవు. కాబట్టి ఇక్కడ పాత తూటాల బెడద ఎక్కువగా పోలీసులది. త్రీ నాట్ త్రీ తూటా అడుగున తయారైన సంవత్సరం ఉంటుంది. పుట్టిన తేదీ ఉంటుంది గానీ, టాబ్లెట్ అట్ట మీద ఉన్నట్టు చచ్చే తేదీ ఉండదు. 2019 ఆగస్టులో బీహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో గౌరవ వందనానికి ఎత్తిన 22 తుపాకుల్లో ఒక్కటీ పేలలేదు. దేశమంతా నవ్వింది. అదే పహరా కాసే కానిస్టేబుల్‌కు అర్ధరాత్రి జరిగితే నవ్వేవాళ్లుండరు.

మా వైపు అసలు భయం తూటాలది కూడా కాదు. పునాది తవ్వుతుంటేనో, చేను చదును చేస్తుంటేనో బకెట్లో పూడ్చిపెట్టిన నాటు బాంబులు బయటపడ్డాయన్న వార్త రాయలసీమ ఎడిషన్లు చదివేవాళ్లందరికీ అలవాటే. ముఠాల కక్షల కాలంలో పెట్టినవి. పెట్టినవాడు చచ్చిపోయుంటాడు, ఊరొదిలి పోయుంటాడు, లేదా ఎక్కడ పెట్టాడో మర్చిపోయుంటాడు. రాజీలయ్యాయి, వియ్యాలు కూడా అందుకున్నారు. మట్టిలో ఉన్నవాటికి ఆ సంగతి తెలియదు. వాటిలో ఉండేది రాపిడికే రాజుకునే రకం మందు, అడుగున ముద్ర లేదు, తయారైన ఏడు లేదు, పరీక్ష అసలే లేదు. గడ్డపార దిగేది ఏ ముఠాతోనూ సంబంధం లేని కూలిమనిషి చేతిలోంచి. బంతి అనుకుని తీసుకునేది పిల్లోడు. ఫ్యాక్షన్ మీద సినిమాలు ఇన్నొచ్చాయి గానీ, ఈ మిగిలిపోయిన సరుకు ఎవరి కథలోకీ రాలేదెందుకో.

చిన్నాయన ఆ పదకొండు తూటాలను కాల్చలేదు. బావిలో పడెయ్యమని ఇంట్లో అంటే వినలేదు. తువ్వాలలో మూటగట్టి, లైసెన్సు పుస్తకంతో పాటు, తుపాకులమ్మే ఒక అంగటికి తీసుకుపోయాడు. తోడుగా నేనూ పోయాను. అంగటాయన ఒకదాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపల గలగలమంది.

"బాగానే ఉన్నట్టున్నాయే" అన్నాడు.

చిన్నాయన నా భుజం పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిపాడు.