పలకమీది పలుకుబడులు

మార్కాపురమనగానే పలకలు జ్ఞప్తికి వచ్చును. అచ్చటి రాయి ఉలి తగిలినంతనే పొరలు పొరలుగ విడిపోవును. 1872లో కడప, కర్నూలు శిలలనుగూర్చి గ్రంథము వ్రాసిన విలియం కింగ్ ఈ జాతి రాతికి కంభము పేరే పెట్టెను. ఆ రాతికి కొయ్యచట్రము బిగించిన పలకమీదనే మనలో పెక్కురు ఓనమాలు దిద్దిరి.

ఈ వస్తువునే ఆంగ్లేయులు స్లేటందురు. అయినను వారి పలుకుబడులలో దానికి బడివాసన తక్కువ. 'పుట్ ఇట్ ఆన్ ది స్లేట్' అనగా పలకమీద వ్రాయుమని మన విద్యార్థి తలచును. దాని భావము 'నా పద్దున వ్రాసికొనుము' అని. ఇంగ్లండులో కల్లంగడివాడు, చిల్లరకొట్టువాడు అరువు లెక్కలను పలకపైనే గీసికొనుచుండిరి. బాకీ తీరిననాడు పలక తుడుచును. 'క్లీన్ స్లేట్' అను మాట ఈ వాడుకనుండియే వచ్చినదని పలువురందురు. మనవారు బాకీలు పద్దుపుస్తకములందును పత్రములందును వ్రాసికొనిరి. కావుననే మనము పద్దు కొట్టివేయుదుము గాని పలక తుడువము.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. పలకను తుడుచువాడు అప్పిచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు కాడు. తప్పుచేసినవాడే 'నా పలక శుభ్రమైన'దని చాటుకొనుట నాకు వింతగ దోచును. అప్పిచ్చినవాని చేతిగుడ్డను ప్రభుత్వమే లాగికొన్న సందర్భమును గలదు. మార్కాపురము, గిద్దలూరు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. నాడు మద్రాసు రాజధానిలోనివి. 1938లో ఆ రాజధానియందు రైతుల ఋణవిమోచన శాసనము వెలువడెను. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ రద్దయ్యెను. అసలుకు రెండింతలు ముట్టియున్నచో అప్పే తీరినట్లు. తక్కినవారికి వడ్డీగీతలు చెరిగినవి, అసలుగీత నిలిచినది. దానిని 'క్లీన్ స్లేట్' అనుట పొరపాటు. సగము తుడిచిన పలక యది.

'స్లేట్ లూజ్' అనగా కొంచెము తిక్క యని. ఇది వేల్సు మొదలగు సీమల ఇంటికప్పులమీది రాతిపెంకునుండి పుట్టినది. అమెరికాలో ఎన్నికల అభ్యర్థుల పట్టికయు స్లేటే.

ప్లాస్టికుపలకలు, నోటుపుస్తకములు వచ్చిన పిదప మార్కాపురపు రాయి నేలలకును గోడలకును బిళ్లలై విదేశములకు పోవుచున్నది. రాతిపలక పట్టిన బాలునికి మాత్రము శుభ్రమైన పలకయన్న అర్థము వేరు: ఉమ్మితో తుడిచి, చొక్కా అంచున ఒత్తి, రేపటి ఎక్కములకు ఆరబెట్టినది.