కృషీవల శ్వాసకోశవ్యాధి

బూజుపట్టిన ఎండుగడ్డిని కదలించునపుడు లేచెడి ధూళిని పలుమారులు పీల్చుటవలన పాడిపశువులను పోషించువారి ఊపిరితిత్తులకు కలుగు రుగ్మతకు కృషీవల శ్వాసకోశవ్యాధి అని పేరు. ఇంగ్లండులో దీనిని ఫార్మర్స్ లంగ్ అందురు. శీతకాలము దీర్ఘమై, పశువులను నెలల తరబడి మూసిన కొట్టములలో కట్టి, వేసవిలో కోసి దాచిన గడ్డితోనే మేపవలసివచ్చు శీతలదేశములయందు ఇది విశేషముగా కానవచ్చును. ఉత్తర ఇంగ్లండు, ఫిన్లాండు, ఫ్రాన్సు తూర్పుభాగమందలి డూ మండలము, కెనడాలోని క్విబెక్, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము ఈ వ్యాధిని గూర్చిన పరిశోధనలకు ప్రసిద్ధి వహించినవి.

ధాన్యమును చెరుగువారికిని కొలుచువారికిని ఆ దుమ్మువలన దగ్గు, ఆయాసము కలుగునని ఇటలీ వైద్యుడగు బెర్నార్డినో రామజ్జిని, వృత్తిజన్యవ్యాధులను గూర్చి 1700లో ప్రకటించిన గ్రంథమున వ్రాసియుండెను. పదునెనిమిదవ శతాబ్దము ముగియకమున్నే ఐస్‌లాండు వైద్యుడు స్వెయిన్ పాల్సన్ గడ్డిధూళివలన కలుగు జబ్బును పేర్కొనెను. అయినను, పొలములలో పనిచేయువారు చిరకాలముగా ఎరిగిన ఈ బాధ వైద్యశాస్త్రమున ప్రత్యేకస్థానమును పొందుటకు 1932వ సంవత్సరము రావలసివచ్చెను. ఆ యేట జె. మన్రో క్యాంబెల్ అను వైద్యుడు వెస్ట్‌మోర్లండ్ ప్రాంతమున గడ్డిపనిచేసి జబ్బుపడినవారిని పరీక్షించి, వారి లక్షణములను బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో వర్ణించెను.

ఇంత ఆలస్యమునకు ఒక కారణము వ్యాధిస్వభావమందే కలదు. ఉదయము గడ్డిని విప్పినవానికి అప్పటికప్పుడు ఏ బాధయు తోపదు. నాలుగు మొదలు ఎనిమిది గంటలు గడచిన పిదప, సాయంకాలమునకో రాత్రికో, చలి, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము పైకొనును. కొలదిదినములలో అవి తగ్గిపోవుటచేత రోగియు వైద్యుడును దానిని పడిసెపుజ్వరముగానో, న్యుమోనియాగానో భావించి, గడ్డిని శంకింపక మరల పనికి ఉపక్రమింతురు. ఇట్లు పలుమారులు జరిగినచో ఊపిరితిత్తుల కణజాలము క్రమముగా గట్టిపడి, ఆయాసము శాశ్వతమగును.

వ్యాధికారణమును నిర్ధారించుటలో 1963వ సంవత్సరము ముఖ్యమైనది. తడి ఆరకయే కట్టలుగట్టిన గడ్డి తనంతతానుగా వేడెక్కుననియు, ఆ వేడిలో ఉష్ణప్రియములైన ఆక్టినోమైసీట్లు అను సూక్ష్మజీవులు విపరీతముగా వృద్ధిచెందుననియు రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాకేంద్రమున పి. హెచ్. గ్రెగొరీ, లేసీ అనువారు చూపిరి. బూజుగడ్డిని విదలించునపుడు ఘనమీటరు గాలిలో 160 కోట్ల వరకు సిద్ధబీజములు ఉండునని అక్కడి పరిశోధనలలో తేలెను. మిక్కిలి సూక్ష్మములగుటచేత ఇవి ముక్కుయందు గాని గొంతునందు గాని నిలువక వాయుకోశముల వరకు చొచ్చుకొనిపోవును. ఆ యేటనే జాక్ పెపిస్, అతని సహచరులు రోగుల రక్తమున ఈ జీవులకు ప్రతికూలముగా ఏర్పడిన ప్రతిరక్షకములను నిరూపించిరి. దీనివలన ఇది అంటువ్యాధి కాదనియు, పరాయిధూళిని ఎదిరింపబోవు శరీరము తన ఊపిరితిత్తులనే గాయపరచుకొనుటవలన పుట్టునదనియు స్పష్టమయ్యెను. బ్రిటను ప్రభుత్వము 1965లో దీనిని నష్టపరిహారమునకు అర్హమైన వృత్తివ్యాధిగా అంగీకరించెను.

పాడిపరిశ్రమకు సంబంధించిన ఇతర శ్వాసవ్యాధులను దీనినుండి వేరుగా గ్రహింపవలయును. పచ్చిమేతను మాగవేయు గోపురములలో పుట్టు నైట్రోజన్ డయాక్సైడు వాయువువలన కలుగు ప్రాణాంతకవ్యాధిని 1956లో అమెరికా వైద్యులు వర్ణించిరి. అట్లే ధూళిలోని బాక్టీరియా విషపదార్థములవలన, పూర్వపరిచయము లేనివారికి సైతము, ఒకేమారు అధికముగా పీల్చినంతమాత్రమున జ్వరము వచ్చుటయు కలదు.

కార్టికోస్టెరాయిడ్ ఔషధములు తీవ్రావస్థను ఉపశమింపజేయునే గాని, ధూళిసంపర్కము కొనసాగుచున్నంత కాలము వ్యాధిని నివారింపజాలవు. ఎండుగడ్డికి మారుగా మాగవేసిన పచ్చిమేతను వాడుట, గాలియంత్రములతో గడ్డిని ఆరబెట్టుట, కొట్టములకు గాలి ఆడునట్లు చేయుట, తప్పనిసరిపనులలో తగిన శ్వాసకవచమును ధరించుట అనునవి నేటి నివారణమార్గములు. గడ్డిని బాగుగా ఆరనిచ్చిన పిదపనే దాచుట వీటన్నిటిలో మొదటిది.