ఇరవై రెండు కన్నాల బొగ్గు

కొరియా వాళ్లు చలికాలంలో నేలని వేడి చేసుకుంటారు. వంటింటి పొయ్యిలోంచి వచ్చే వేడిగాలి, పొగ గచ్చు కింద కట్టిన కాలువల్లోంచి పోయి ఇంటికి అవతల బయటపడతాయి. ఆ పద్ధతి పేరు ఒన్దోల్. ఒకే మంట మీద అన్నం ఉడుకుతుంది, పక్కా వెచ్చబడుతుంది. వందల ఏళ్లు ఆ పొయ్యిలోకి పోయింది కట్టెలే.

1953లో యుద్ధం ఆగేసరికి చాలా కొండలు బోడిగా ఉన్నాయి. సియోల్‌కి జనం వచ్చిపడుతున్నారు. కట్టెలు ఎక్కడివి? గాంగ్వన్ కొండల కింద మాత్రం ఆంత్రసైట్ ఉంది. ఆ బొగ్గుపొడిని అచ్చులో నొక్కి, పైనుంచి కిందికి కన్నాలు పెట్టిన దిమ్మే యొన్తాన్. ఇళ్లలో బాగా వాడింది 22 కన్నాలది, బరువు 3.6 కిలోలు. కిలోకి సుమారు 4,500 కిలోక్యాలరీల వేడి ఇస్తుంది. మంచి కట్టెబొగ్గయితే 7,000 దాకా ఇస్తుంది. అయినా ఇది చవక, పైగా నిదానంగా కాలుతుంది. కాలుతున్న దిమ్మ మీద కొత్తదాన్ని కన్నానికి కన్నం కలిసేలా పెట్టాలి. ఆరిపోతే మళ్లీ అంటించడం పెద్ద తంటా. అందుకే అర్ధరాత్రి లేచి దిమ్మ మార్చడం ఇల్లాళ్ల పనుల్లో ఒకటైంది.

ఆంత్రసైట్‌కి పొగ, మసి తక్కువ. చిక్కంతా అక్కడే. పొగయితే దగ్గొచ్చి మెలకువ వస్తుంది. గాలి చాలని బొగ్గులో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దిమ్మ ఎక్కువసేపు రావాలని పొయ్యికి గాలి తగ్గిస్తే బొగ్గు మిగులుతుంది, విషం పెరుగుతుంది. గచ్చులో ఒక పగులు చాలు, అది పడుకున్నవాళ్ల దగ్గరికొస్తుంది. పొదుపు చెయ్యక తప్పనివాళ్లూ, పగులు పూడ్పించుకోలేనివాళ్లూ చాలాసార్లు ఒకరే. నిద్రలోనే పోయిన కుటుంబాల వార్తలు చలికాలానికి మామూలైపోయాయి. ఇంటివైద్యంగా డోంగ్‌చిమి, అంటే ముల్లంగి ఊరబెట్టిన చల్లటి నీళ్లు తాగించేవాళ్లు. రక్తంలో చేరిన విషాన్ని ఆ నీళ్లేం చేస్తాయి? కావలసింది ఆక్సిజన్.

అవే రోజుల్లో కొండలు పచ్చబడ్డాయి. 1973లో ప్రభుత్వం మొదలుపెట్టిన అడవుల పెంపకం నిలబడిందంటే, జనానికి కట్టెల అవసరం తగ్గడం కూడా ఒక కారణం. ఈ కథని పర్యావరణ విజయంగా చెప్పుకోవడం తేలిక. చెట్లు కంటికి కనిపిస్తాయి మరి. గచ్చు కింద నడిచిన గాలి కనిపించదు.

తర్వాత మంటని గదికి దూరంగా పెట్టి, గచ్చు కింద వేడినీళ్ల గొట్టాలు నడిపే బాయిలర్లు వచ్చాయి. వాటి వెనకే ఆయిలూ, గ్యాసూ. 1989 నుంచి గనులు వరసగా మూతపడ్డాయి. యొన్తాన్ మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చలి మొదలవగానే స్వచ్ఛంద కార్యకర్తలు వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ ఆ దిమ్మల్ని పేదవాడల్లోని ముసలివాళ్ల ఇళ్లకి చేరుస్తారు. వాళ్లకి అందుబాటులో ఉన్న వెచ్చదనం ఇంకా అదే.