ఒక్క హీరో చాలడు, ఒక ఊరు కావాలి



ఈసారి అమెరికా సూపర్ హీరోల బొమ్మల కథల గురించి రాస్తున్నానంటే కొందరు తమ్ముళ్ళు నవ్వారు. "ఉద్యమానికీ దీనికీ ఏం సంబంధమన్నా?" అన్నారు. సంబంధం ఉంది. లోకాన్ని ఊహించే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది కూడా భూమి ఎవరి చేతిలో ఉందన్నంత పెద్ద ప్రశ్నే.

1961లో గార్డనర్ ఫాక్స్ అనే రచయిత ఫ్లాష్ కథలో ఒక చమత్కారం చేశాడు. మన భూమి పక్కనే ఇంకో భూమి ఉందని, అక్కడ ఇంకో ఫ్లాష్ ఉన్నాడని రాశాడు. అప్పట్నుంచి ఆ కంపెనీ కథల్లో భూములు ఒకదాని తర్వాత ఒకటి పుట్టాయి. ఎన్ని భూములు పుట్టినా, అన్నిటి మీదా హీరోలు దాదాపు తెల్లవాళ్ళే. కొత్త లోకాన్ని కల్పించేవాడు కూడా పాత లోకపు కొలతలే పట్టుకెళ్తాడని అక్కడే తెలుస్తుంది.

అదే ఏడాది డెట్రాయిట్‌లో జెర్రీ బెయిల్స్ అనే అధ్యాపకుడు ఆల్టర్ ఈగో అనే అభిమానుల పత్రిక మొదలుపెట్టాడు. ఇలాంటి పత్రికలు అప్పట్లో ఊదారంగు సిరా మరకలతో, ఇంట్లోనో ఆఫీసులోనో ఉండే చిన్న డూప్లికేటర్ మీద అచ్చయ్యేవి. మన సంఘాలు సైక్లోస్టైల్ చేసి పంచిన కరపత్రాలు చూసినవాళ్ళకి వాటి రూపం ఇట్టే అర్థమవుతుంది. అభిమానులు సొంత హీరోల్ని పుట్టించేవాళ్ళు. ఒకరు కథ రాస్తే ఇంకొకరు బొమ్మ గీసేవాళ్ళు, మూడో ఊరివాడు అచ్చువేసి పోస్టులో పంపేవాడు.

ఆ గుంపులో ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌కి చెందిన రిచర్డ్ గ్రాస్ గ్రీన్ ఉన్నాడు. ఆ అభిమాన లోకంలో తొలితరం నల్లజాతి కళాకారుల్లో ఒకడు. గ్జాల్‌కోర్ అనే పిల్లి మనిషిని సృష్టించాడు. 1972లో సూపర్ సోల్ కామిక్స్ పేరుతో కెప్టెన్ అమెరికా అనే దేశభక్తి బొమ్మనే తిరగేసి, ఆ చోట ఒక నల్ల హీరోని నిలబెట్టి వెక్కిరించాడు. ముందు పక్కవాడి పెరట్లో ఆడుకున్నాడు, తర్వాత ఆ ఇంటి యజమానినే ప్రశ్నించాడు.

తర్వాతి తరంలో డ్వేన్ మెక్‌డఫీ వచ్చాడు. పుట్టింది డెట్రాయిట్‌లో, 1962లో. మార్వెల్ కంపెనీలో పనిచేస్తూ 1989లో ఒక ఉత్తుత్తి ప్రతిపాదన రాసి ఎడిటర్లకి పంపాడు. మీ నల్ల హీరోల్లో నాలుగో వంతు మంది స్కేట్‌బోర్డు మీదే తిరుగుతున్నారు, కాబట్టి అలాంటి వాళ్ళతోనే ఒక దళం పెడదాం అని అందులో ఎద్దేవా చేశాడు. నవ్వు వెనక ఉన్న వాదన గట్టిది. కథలో నల్ల పాత్ర ఒక్కటే ఉంటే అది మనిషిగా మిగలదు, జాతి మొత్తానికీ ప్రతినిధి అయిపోతుంది. దాని తప్పు జాతి తప్పు అవుతుంది. దానికి కోపం రాకూడదు, భయం వేయకూడదు. మన సినిమాల్లో, నవలల్లో ఒంటరిగా కనిపించే దళిత పాత్ర మోసే బరువూ ఇదే. అయితే అణిగిమణిగి ఉండాలి, లేకపోతే చచ్చి అందరి కళ్ళూ తెరిపించాలి.

దీనికి మందు ఇంకో మంచి హీరో కాదని, ఒక ఊరు కావాలని మెక్‌డఫీ గ్రహించాడు. డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్‌లతో కలిసి మైల్‌స్టోన్ సంస్థ పెట్టాడు. 1993లో హార్డ్‌వేర్, బ్లడ్ సిండికేట్, ఐకాన్, స్టాటిక్ అనే నాలుగు పత్రికలు వచ్చాయి. అన్నీ డకోటా అనే ఒకే ఊహానగరం కథలు. ప్రచురణ, పంపిణీ డీసీ కంపెనీది. పాత్రల మీద హక్కు మాత్రం మైల్‌స్టోన్‌దే. ఆ షరతు గుర్తుపెట్టుకోండి.

డకోటాకి శక్తులు ఎలా వచ్చాయో చూడండి. ముఠాలన్నీ ఒకచోట చేరిన రాత్రి పోలీసులు బాష్పవాయువు వదులుతారు. తర్వాత గుర్తుపట్టి పట్టుకోవడానికని అందులో ప్రయోగదశలో ఉన్న రసాయనం కలుపుతారు. చాలామంది చనిపోతారు. బతికినవాళ్ళ ఒళ్ళు మారిపోయి, వింత శక్తులు వస్తాయి. ఆ లోకం రాజ్యహింసని చెరిపేయలేదు, దానితోనే మొదలైంది. మన లోకానికీ దానికీ తేడా ఒక్కటే. అక్కడ గ్యాస్ పీల్చి బతికినవాళ్ళ చేతికి బలం వచ్చింది.

ఐకాన్ 1839లో దక్షిణాది పత్తిచేలో దిగిన గ్రహాంతరవాసి. బానిస స్త్రీ మిరియమ్‌కి దొరికి, నల్ల బిడ్డ రూపం తీసుకుంటాడు. కాలం గడిచి డబ్బున్న లాయరు అవుతాడు, పేదవాళ్ళు కష్టపడితే చాలని నమ్ముతాడు. అతన్ని కదిలించేది బస్తీ పిల్ల రాక్వెల్. రిజర్వేషన్‌తో పైకెళ్ళి వాడని మరిచిన మనవాళ్ళని నిలదీసే చెల్లెళ్ళు నాకు ఆమెలో కనిపిస్తారు.

స్టాటిక్ అసలు పేరు వర్జిల్ హాకిన్స్. ఆ పేరున్న మనిషి నిజంగా ఉన్నాడు. 1949లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం లా కాలేజీకి దరఖాస్తు చేస్తే నల్లవాడని తిప్పి పంపారు. దేశ సుప్రీంకోర్టు చేర్చుకోమన్నా రాష్ట్ర కోర్టు వినలేదు. చివరికి 1958లో ఆయన తన దరఖాస్తు వదులుకున్నాడు, దానికి బదులుగా మిగతా నల్ల విద్యార్థులకి ఆ తలుపు తెరుచుకుంది. విశ్వవిద్యాలయాల గడపల దగ్గర మనం ఎవరెవర్ని పోగొట్టుకున్నామో మీకు చెప్పక్కర్లేదు. ఆ పేరుతో పదిహేనేళ్ళ కుర్రాడు డకోటా ఆకాశంలో ఎగిరాడు.

కామిక్స్ మార్కెట్ కుప్పకూలిన రోజులవి. దానికి తోడు ఇవి నల్లవాళ్ళకే అని పక్కన పెట్టిన దుకాణాలూ ఉన్నాయి. 1997లో మైల్‌స్టోన్ పత్రికలు ఆగిపోయాయి. 2000లో స్టాటిక్ టీవీ కార్టూన్ అయ్యాడు, లక్షలమంది పిల్లలు చూశారు. మెక్‌డఫీతో కలిసి స్టాటిక్ కథలు రాసిన రాబర్ట్ వాషింగ్టన్ మాత్రం తర్వాత కూలిపని చేస్తూ, ఇబ్బందులు పడుతూ 2012లో 47 ఏళ్ళకే చనిపోయాడు. కలిసి రాయడం గొప్పదే. ఫలం ఎవరికి దక్కుతుందో కూడా కలిసే రాసుకోవాలి.

ఈ పని మనకి కొత్తా? కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, 1941లో జాషువా ఆ కథనే తీసుకుని, అరుంధతీసుతుడి కబురు గబ్బిలంతో కాశీ శివుడికి పంపాడు. మేఘం ఎవరి కబురైనా మోస్తుందేమో గానీ, గుడి లోపలికి పోగలిగేది గబ్బిలమే కదా. వాళ్ళ కావ్యాన్ని మన వాడలోంచి తిరగరాయడం అది. కాకపోతే జాషువా ఒంటరిగా రాయాల్సి వచ్చింది.

హాస్టళ్ళలో ఉన్న మీరు పదిమంది. కారంచేడు జరగని లోకం కల్పిస్తే ఆ చావులకి విలువ లేకుండా పోతుంది. 1985 జూలై 17 తర్వాత చీరాల చేరిన జనంతో మొదలుపెట్టండి. వాళ్ళు నిజంగానే అక్కడ శిబిరం వేసి, దళిత మహాసభకి ప్రాణం పోశారు. ఆ శిబిరంలో ఎవరెవరికి ఏ శక్తి వచ్చిందో తలా ఒక కథ రాయండి. ఒకడు పిరికివాడు కావచ్చు, ఒకతె నవ్వులపుట్ట కావచ్చు. అందరూ ప్రతినిధులే కానక్కర్లేదు. మొదటి పేజీలో ఊరి పటం గీయండి. రెండో పేజీలో రాసినవాళ్ళందరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయండి.

జై భీమ్.